పేరు పడ్డ సైకిళ్లు



ఇంగ్లండులో, అమెరికాలో, ఆస్ట్రేలియాలో సైకిలెక్కి రోడ్డు మీదికి వచ్చిన మనిషికి ఏదో ఒక పేరు పడకుండా ఉండదు. సన్నటి టైర్ల రేసు సైకిలు తొక్కేవాడు రోడీ. గేర్లు లేకుండా, ఒక్కోసారి బ్రేకులు కూడా లేకుండా, పెడలు ఆపితేనే చక్రం ఆగే సైకిలును ఫిక్సీ అంటారు. దాని మీద సిటీలో దూసుకుపోయే కుర్రకారుకు కూడా ఆ పేరే అంటుకుంది. సైకిలు బరువులో యాభై గ్రాములు తగ్గించుకోవడానికి వేలకు వేలు పోసేవాడు వెయిట్ వీనీ. చీకట్లో లైటు లేకుండా నల్లబట్టలేసుకుని వచ్చేవాడు నింజా. వాహనాలకు ఎదురుగా వచ్చేవాడు సాల్మన్, అంటే మన పులస గోదావరికి ఎదురీదినట్టు అక్కడి నదుల్లో ఎదురీదే చేప. మనమైతే రాంగ్ రూట్లో వస్తున్నాడని తిట్టి ఊరుకుంటాం. ఇక ఫ్రెడ్ అనే పేరుది మరీ విచిత్రమైన కథ. అమెరికాలో ఆరితేరిన సైకిలు వీరులు దాన్ని మాసిన బట్టలు, గుబురు గడ్డం, హ్యాండిలుకు అద్దం, వెనకాల సంచులతో తన మానాన తాను తొక్కుకుపోయే మనిషికి వాడారు. సరిగ్గా అతనికి ఎదురు మనిషికీ అదే పేరు వాడారు: బోలెడు డబ్బు పోసి సైకిలు కొని, పెద్ద పెద్ద పందేలు గెలిచినవాళ్లు వేసుకునే చొక్కా తొడుక్కుని, చిన్న ఎత్తు రాగానే రొప్పుతూ దిగిపోయేవాడికి. ఒకే పేరు ఈ ఇద్దరికీ అతికిందంటే, అందులో వాళ్ల లక్షణాల కంటే పేరు పెట్టిన మూడోవాడి గొప్పే ఎక్కువ కనిపిస్తుంది.

ఇలాంటి పేర్లను కూడబెట్టి చెప్పుకుంటే పావుగంట సరదాగా గడిచిపోతుంది. ఇవాళ వాటిని ఇంకోవైపు నుంచి చూద్దాం. ఎగతాళి పేరు ఎవరికి పడుతుంది? రోడ్డు మీద ఎక్కువగా ఉన్నవాళ్లకా, ఎక్కువ తప్పులు చేసేవాళ్లకా? రెండూ కాదని నా వాదన. పేరు పెట్టేవాడి కంటికి ఎవరు ఆనితే వాళ్లకు పడుతుంది. ఆ తర్వాత ఆ ఒక్కడి బొమ్మే సైకిలు తొక్కే జనమంతటికీ బొమ్మగా చలామణి అవుతుంది. ఊళ్లో రోడ్లు ఎవరికి ఎలా వెయ్యాలని మాట వచ్చినప్పుడు ఆ బొమ్మే ముందుకొస్తుంది. అందుకని ఇది ఉత్త భాషా వినోదంగా వదిలేసే సంగతి కాదు.

దీనికి చరిత్ర ఉంది. ఇప్పుడు మనం సైకిలంటే గుర్తుపట్టే ఆకారం, అంటే రెండు సమాన చక్రాలు, వెనక చక్రానికి చైను, 1885లో ఇంగ్లండులో స్టార్లీ తయారు చేసిన రోవర్ సైకిలుతో స్థిరపడింది. 1888లో డన్‌లప్ గాలి టైర్లు వచ్చాయి. ఆ తర్వాత పదేళ్లలో అమెరికా నగరాల్లో డబ్బున్న యువకులు సైకిళ్ల మీద విరుచుకుపడ్డారు. హ్యాండిలు మీదికి వంగి, తల దించుకుని, జనాన్ని తప్పించుకుంటూ పోయేవాళ్లకు స్కార్చర్లని పేరు పెట్టారు, రోడ్డు మాడిపోయేంత వేగంగా పోతారని. థియొడోర్ రూజ్‌వెల్ట్, తర్వాత అమెరికా అధ్యక్షుడైన మనిషే, 1895లో న్యూయార్క్ పోలీసు బోర్డుకు పెద్దగా ఉన్నప్పుడు సైకిలు పోలీసుల దళం ఒకటి ఏర్పడింది. జనం దానికి స్కార్చర్ స్క్వాడ్ అని పేరు పెట్టారు. సైకిలు మీద వేగంగా పోయేవాణ్ణి సైకిలు మీదే వెంటాడి పట్టుకోవడం వాళ్ల పని. 1899 మే 20న ఆ దళంలోని ఒక పోలీసు లెక్సింగ్టన్ ఎవెన్యూలో గంటకు 12 మైళ్ల వేగంతో పోతున్న కరెంటు టాక్సీని తరిమి పట్టుకుని డ్రైవరును అరెస్టు చేశాడు. అమెరికాలో మితిమీరిన వేగానికి ఒక కారు డ్రైవరును అరెస్టు చేయడం అదే మొదలని చెబుతారు. సైకిలు మీదున్న పోలీసు తొక్కుకుంటూ వెళ్లి కారును అందుకున్న కాలం అది.

అదే కాలంలో ఆడవాళ్ల మీద ఇంకో రకం ముద్ర పడింది. సైకిలు తొక్కితే మొహం బిగుసుకుపోతుందని, కళ్లు పొడుచుకొస్తాయని డాక్టర్లు రాశారు. దానికి బైసికిల్ ఫేస్ అని ఒక రోగం పేరు కూడా తగిలించారు. 1897 మే 21న కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఆడపిల్లలకు డిగ్రీలు ఇవ్వాలా వద్దా అని ఓటింగు జరిగింది. వద్దన్న మగ విద్యార్థులు ఆ ఓటింగు జరిగిన సెనేట్ హౌసుకు ఎదురుగా ఒక దిష్టిబొమ్మను వేలాడగట్టారు. ఆ బొమ్మ ఏ పుస్తకమో చేతబట్టిన అమ్మాయిది కాదు. పొట్టి లాగు వేసుకుని సైకిలెక్కిన అమ్మాయిది. తీర్మానం ఓడిపోయాక ఆ బొమ్మను పీకి చీల్చి, ముక్కల్ని ఆడపిల్లల కాలేజీ గేటు దాకా మోసుకుపోయారు. గొడవ డిగ్రీ గురించి, కోపం తీర్చుకున్నది సైకిలు బొమ్మ మీద. ఒక ముద్ర ఎలా పనిచేస్తుందో ఇంతకంటే తేటగా చూపించే సంఘటన నాకు తట్టదు.

ఇప్పుడు మన కాలానికి వద్దాం. 2010లో బ్రిటన్‌లో మింటెల్ అనే మార్కెట్ పరిశోధన సంస్థ ఖరీదైన సైకిళ్లు కొంటున్నది ఎవరని ఆరా తీసింది. ముప్ఫయి అయిదు దాటిన, మంచి జీతమున్న, పిల్లాపాపలున్న మగవాళ్లని తేలింది. ఒకప్పుడైతే ఆ వయసులో స్పోర్ట్స్ కారు మీదికి పోయే మనసు ఇప్పుడు సైకిలు మీదికి పోతోందన్నమాట. ఒంటికి అతుక్కునే లైక్రా బట్టల్లో ఉన్న మధ్యవయసు మగాడు అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి ఆ సంస్థ విశ్లేషకుడు మామిల్ అన్నాడు. పలికితే క్షీరదం అనే అర్థమున్న ఇంగ్లీషు మాటలాగే వినపడుతుంది. పేరు అతికింది. నిఘంటువులకెక్కింది. పాపం, పేరు పెట్టినాయన తిట్టడానికి పెట్టలేదు, సరుకు ఎవరికి అమ్ముడవుతుందో చెప్పాడంతే. కానీ పత్రికలు అందుకున్నాక అది కొనుగోలుదారు పేరుగా మిగల్లేదు. రోడ్డుకు ఒక వారన సైకిళ్లకు దారి విడదీద్దామన్న ప్రతిపాదన వచ్చినప్పుడల్లా, ఈ లైక్రా బాబుల సరదా కోసం మా కార్ల చోటు లాక్కుంటారా అనే వాదనకు అది పనికొచ్చింది. నిజానికి ఆ లైక్రా బాబు దారి విడదీయకముందు కూడా తొక్కుతూనే ఉన్నాడు. గంటకు ముప్ఫయి కిలోమీటర్ల వేగంతో బస్సుల మధ్య తొక్కే దమ్ము అతనికుంది. దారి కావలసింది ఆ దమ్ము లేని ముసలమ్మకు, బడికెళ్లే పిల్లకు. వాళ్లు భయంతో ఇంట్లోనే ఉండిపోయారు కాబట్టి కనపడరు. రోడ్డు వడపోసి మిగిల్చిన మనిషిని చూపించి, సైకిలంటే ఇలాంటివాళ్లకే అని తీర్పు చెప్పడం జరుగుతోంది.

సరదాకి అనుకునే మాటల్ని ఇంత సాగదీయాలా అని మీలో కొందరికి అనిపించవచ్చు. సైకిలు తొక్కేవాళ్లే ఒకరినొకరు ఇలా పిలుచుకుంటారు, మామిల్ అని గర్వంగా చెప్పుకునేవాళ్లూ ఉన్నారు. నిజమే. లోపలివాళ్లు మేలమాడుకోవడంలో తప్పేమీ లేదు. కానీ బయటివాళ్ల నోట ఆ మాట ఎలా మారుతుందో చూడటానికి ఆస్ట్రేలియాలో 2019లో వెలువడిన ఒక అధ్యయనం ఉంది. మెల్‌బోర్న్‌లోని మోనాష్ విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్సా డెల్బోస్క్, ఆమె సహచరులు 442 మందిని ప్రశ్నించారు. కోతి నుంచి మనిషి దాకా నిలబడే ఆ పరిణామ క్రమం బొమ్మ మనందరికీ తెలుసు కదా, కొందరికి దాన్ని చూపించారు. సైకిళ్లవాళ్లను అక్కడ బొద్దింకలని, దోమలని తిడుతుంటారు కాబట్టి మిగిలినవాళ్లకు పురుగు నుంచి మనిషి దాకా సాగే బొమ్మ చూపించారు. సైకిలు తొక్కేవాళ్లను ఎక్కడ పెడతారని అడిగారు. సైకిలు తొక్కనివారిలో 55 శాతం మంది వాళ్లను పూర్తి మనిషి స్థానానికి కిందే పెట్టారు. సైకిలు తొక్కేవారిలో కూడా 30 శాతం మంది అలాగే పెట్టారు. బొమ్మ మీద గీతే కదా అనుకుందామంటే, అదే సర్వేలో 17 శాతం మంది కారుతో సైకిలుకు కావాలని అడ్డం పెట్టామని, 11 శాతం మంది కావాలని మరీ దగ్గరగా పోనిచ్చామని ఒప్పుకున్నారు. సైకిలువాణ్ణి మనిషికి ఎంత కిందికి దించారో, అతని మీద దురుసుతనం అంత ఎక్కువగా కనిపించింది. ఏది కారణం, ఏది ఫలితం అన్నది ఇలాంటి సర్వే తేల్చలేదు. చిన్నచూపు ముందో, దురుసు ముందో చెప్పలేం. రెండూ ఒక చోటే కాపురం ఉంటున్నాయన్నది మాత్రం తేలింది.

ఇంగ్లండులో ఇయాన్ వాకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 2007లో ప్రకటించిన ప్రయోగం కూడా ఇక్కడ చెప్పుకోవాలి. ఆయన సైకిలుకు దూరం కొలిచే పరికరం బిగించుకుని తానే తొక్కుతూ, దాటిపోయే వాహనాలు ఎంత ఎడంగా పోతున్నాయో లెక్కగట్టాడు. సుమారు 2,300 వాహనాలు లెక్కకొచ్చాయి. హెల్మెట్ పెట్టుకుంటే సగటున ఎనిమిదిన్నర సెంటీమీటర్లు దగ్గరగా వచ్చి దాటాయి. పొడుగు జుట్టు విగ్గు పెట్టుకుని వెనక నుంచి ఆడమనిషిలా కనిపిస్తే ఇంకాస్త ఎడంగా పోయాయి. హెల్మెటున్నవాడు తెలిసినవాడు, నిలదొక్కుకుంటాడు, ఆడమనిషైతే తూలవచ్చు అని డ్రైవర్లు మనసులో ముద్ర వేసుకున్నారన్నది ఆయన వ్యాఖ్య. ఈ ప్రయోగం మీద విమర్శలొచ్చాయి. ప్రయోగం చేసేవాడే తొక్కేవాడైతే తెలియకుండానే తీరు మారవచ్చు. అవే లెక్కల్ని మళ్లీ తిరగేసిన ఇతర పరిశోధకులు హెల్మెట్ ప్రభావం అంత గట్టిది కాదన్నారు. ఆ విమర్శలో పస ఉంది కాబట్టి హెల్మెట్ మాట పక్కన పెడదాం. ఏడు రకాల వేషాలతో చేసి 2013లో ఆయన ప్రకటించిన ఇంకో ప్రయోగం నాకు ఎక్కువ ఆసక్తిగా అనిపిస్తుంది. కొత్తగా నేర్చుకుంటున్నానని వీపు మీద రాసుకున్నా, రేసు బట్టలు వేసుకున్నా డ్రైవర్ల తీరు పెద్దగా మారలేదు. పోలీసు అనే మాట, వీడియో తీస్తున్నామనే హెచ్చరిక ఉన్న చొక్కాకు మాత్రం కాస్త చోటిచ్చారు. అంటే బట్టలు మార్చుకుని ముద్రలోంచి తప్పించుకునే దారి సైకిలువాడికి పెద్దగా లేదు.

ఇంతకంటే గట్టి అభ్యంతరం ఇంకోటుంది. ఈ పేర్లు ఊరికే పుట్టాయా, వాళ్లు ఎర్రలైటు దాటట్లేదా, ఫుట్‌పాత్ ఎక్కట్లేదా అని. దాటుతున్నారు, ఎక్కుతున్నారు. 2016లో లండన్‌లో ముందు బ్రేకు లేని ఫిక్సీ మీద వస్తున్న యువకుడు ఢీకొని ఒకావిడ చనిపోయింది. అతన్ని శిక్షించడానికి సరైన చట్టం లేక, గుర్రబ్బళ్ల కాలంలో, 1861లో చేసిన చట్టాన్ని వెతికి తీసి పద్దెనిమిది నెలలు జైలుకు పంపారు. ఆ చావును తేలిక చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. అయితే లెక్క కూడా చూడాలి. బ్రిటన్‌లో ఏటా నాలుగు వందలకు అటూఇటూగా పాదచారులు రోడ్ల మీద చనిపోతున్నారు. వాళ్లలో సైకిలు తగిలి పోయేవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మంది. గంటకు ముప్ఫయి మైళ్ల పరిమితి ఉన్న రోడ్లలో, అడ్డం లేనప్పుడు, దాదాపు సగం కార్లు ఆ పరిమితి దాటుతున్నాయని అక్కడి ప్రభుత్వ లెక్కలే చెబుతాయి. సగం మంది చేసే తప్పుకు ఎగతాళి పేరు పుట్టలేదు. అందరూ చేసేది అలవాటు, కొందరు చేసేది బుద్ధి అనుకోవడం మనుషుల స్వభావం. కారువాడు హద్దు మీరితే ఆ డ్రైవరు తప్పు, సైకిలువాడు మీరితే సైకిలువాళ్లంతా అంతే. ఈ మాటకొస్తే నింజా, సాల్మన్ లాంటి పేర్లతో నాకు పేచీ లేదు. అవి చేసే పనికి పెట్టిన పేర్లు. లైటు పెట్టుకుంటే నింజా పోతాడు, సరైన వైపుకు తిరిగితే సాల్మన్ పోతాడు. మామిల్ అలా కాదు, ఆ మనిషి ఎంత బుద్ధిగా తొక్కినా ఆ పేరు అతన్ని వదలదు.

పేరుకూ కంటికీ ఉన్న లంకె నెదర్లాండ్స్‌కు వెళితే తేటపడుతుంది. అక్కడ జనం కంటే సైకిళ్లు ఎక్కువ. మగవాళ్ల కంటే ఆడవాళ్లు ఎక్కువ తొక్కుతారు. ఆ దేశం పుట్టుకతోనే అలా లేదు. 1971లో అక్కడ రోడ్డు ప్రమాదాల్లో మూడు వేల మందికి పైగా చనిపోయారు, వాళ్లలో నాలుగు వందల మందికి పైగా పిల్లలు. తల్లిదండ్రులు వీధుల్లోకొచ్చి ఉద్యమం చేశాక, పెట్రోలు సంక్షోభం కూడా కలిసొచ్చాక, దారులు మారాయి. ఇప్పుడు అక్కడ సైకిలువాళ్లు అని ఒక జాతిని వేరు చేసి తిట్టడం కుదరదు, తిట్టేవాడి అమ్మ కూడా సైకిలు మీదే మార్కెట్టుకు వెళుతుంది కనుక. అంతమాత్రాన వాళ్లు ఎగతాళికి అతీతులేం కాదు. ఆదివారం పూట గుంపుగా రేసు సైకిళ్ల మీద దూసుకొచ్చేవాళ్లంటే అక్కడి జనానికీ చిరాకే. కానీ ఆ చిరాకు ఆ గుంపు దగ్గరే ఆగుతుంది, సైకిలు దారి తీసేయమనే దాకా పోదు.

మరి మన దగ్గర? హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో వారాంతాల్లో సైకిలు తొక్కే బృందాలున్నాయి. రోడీ, కొండదారుల సైకిలుకు ఎంటీబీ అనే మాటలు వాళ్ల నోళ్లలో మామూలే. వాళ్లకు వెలుపల తెలుగు వీధుల్లో ఇలాంటి పేర్లు దాదాపు పుట్టలేదు. సైకిలు తొక్కేవాళ్లు తక్కువయ్యారు కాబట్టి పేర్లు లేవని అనలేం. 2011 జనాభా లెక్కల్లో మొదటిసారి పనికి ఎలా వెళుతున్నారని అడిగారు. వ్యవసాయం, కుటుంబ పరిశ్రమ కాకుండా ఇతర పనులు చేసేవాళ్లలో దేశం మొత్తం మీద 13 శాతం మంది సైకిలు మీద వెళుతున్నారని తేలింది. మోటారు సైకిలు, స్కూటరు కలిపినా అంతకంటే ఒక్క పిసరు తక్కువే. ఇంతమంది ఉన్నా పేరు పడలేదు, ఎందుకంటే వాళ్లెవరూ కంటికి ఆనరు. ఇరవై కిలోల దాకా తూగే నల్ల సైకిలు, వెనక క్యారియరుకు రెండు వైపులా పాలక్యాన్లు, హ్యాండిలుకు ఒక సంచి. చీకటితోనే బయల్దేరిన ఆ మనిషిని పాలబ్బాయి అంటాం, అతని వయసు అరవై అయినా సరే. ఇంకొకడు పేపరబ్బాయి, ఇంకొకడు వాచ్‌మన్. వెనక నుంచి సిటీబస్సు వస్తే కండక్టరు తలుపు మీద చరిచి, ఏయ్ సైకిలూ, పక్కకి అని అరుస్తాడు. మామిల్ మీద కోపం రావడానికి ముందు అతన్ని సాటివాడిగా చూడాలి, తన చోటు ఆక్రమిస్తున్న పోటీదారుగా లెక్కపెట్టాలి. వాచ్‌మన్‌కు ఆ గౌరవం కూడా దక్కలేదు. అమెరికాలో కూడా హోటళ్ల వంటగదుల్లో పనిచేసి అర్ధరాత్రి సైకిలు మీద ఇంటికెళ్లే వలస కూలీల్ని, కనపడని సైకిలువాళ్లని అక్కడి రచయితలే అంటున్నారు. ఎగతాళి పేర్ల జాబితాలో వాళ్లు లేరు.

ఇలా కనపడకపోతే ఏమవుతుందో కోల్‌కతా చూపించింది. 2013 నాటికి అక్కడి పోలీసులు 174 రోడ్ల మీద సైకిళ్లను, ఇతర మోటారు లేని బళ్లను నిషేధించారు, నెమ్మదిగా పోతూ ట్రాఫిక్‌కు అడ్డం పడుతున్నాయని. న్యూయార్క్‌లో స్కార్చరు మీద వేగంగా పోతాడన్న ఫిర్యాదు, ఇక్కడ పాలబ్బాయి మీద నెమ్మదిగా పోతాడన్న ఫిర్యాదు. ఇద్దరిదీ ఇంచుమించు ఒకే యంత్రం. ఇక హైదరాబాదులో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిలు దారి 2023లో తెరిచారు. పైన సోలార్ పలకల కప్పు, రాత్రికి లైట్లు. సౌకర్యమైన దారి, అక్కడ తొక్కేవాళ్లకు అదొక వరం. దాన్ని తప్పుబట్టడం నా ఉద్దేశం కాదు. కానీ అది వ్యాయామానికి వచ్చేవాడి ఊహతో వేసిన దారి. సైకిలును కారు స్టాండుకు తగిలించుకుని అక్కడికి రాగలిగినవాడికి ఎక్కువ అందుతుంది. అపార్టుమెంటు గేటు దగ్గర డ్యూటీకి వెళ్లేవాడు తన బస్తీ నుంచి ఫ్లైఓవరు కింద, బస్సు పక్కనే, మురిక్కాలువ అంచున తొక్కుతూనే ఉన్నాడు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన 1,68,491 మందిలో దాదాపు మూడు శాతం సైకిళ్ల మీద ఉన్నవాళ్లు.

జనాన్ని రకాలుగా విడగొట్టడమే తప్పు అనలేం. అమెరికాలోని పోర్ట్‌లాండ్ నగరంలో సైకిలు వ్యవహారాలు చూసే రోజర్ గెల్లర్ అనే ఉద్యోగి సుమారు 2006లో ఒక విభజన చేశాడు. బట్టల్ని బట్టి, సైకిలు ఖరీదును బట్టి కాకుండా, భయాన్ని బట్టి జనాన్ని నాలుగు గడుల్లో పెట్టాడు. ఎలాంటి రోడ్డయినా లెక్కచేయని ధైర్యస్తులు ఒక శాతం కూడా లేరు. కాస్త దారుంటే చాలు, ఉత్సాహంగా తొక్కేవాళ్లు ఏడు శాతం. తొక్కాలని ఉంది గాని భయమేస్తోంది అనేవాళ్లు అరవై శాతం. ఏం చేసినా తొక్కం అనేవాళ్లు మిగతా ముప్ఫయి మూడు. మొదట ఇవి ఆయన అంచనాలే. తర్వాత పోర్ట్‌లాండ్ స్టేట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు జనాన్ని నేరుగా అడిగితే మూడో గడిలో సగానికి పైగా మంది తేలారు. రోడీ, ఫ్రెడ్, మామిల్ అందరూ కలిసి మొదటి రెండు గడుల్లో ఇరుక్కుంటారు. ప్రణాళికలు వేసేవాళ్ల చూపు మూడో గడి మీదికి మళ్లడం ఆ పట్టికతో సాధ్యమైంది, చాలా నగరాలు దాన్ని అందిపుచ్చుకున్నాయి. కానీ ఆ పట్టికను తెచ్చి నర్సింగిలోనో గాజువాకలోనో పరిచి చూస్తే, మన వాచ్‌మన్‌కు నాలుగింటిలోనూ చోటు దొరకదు. అతను ధైర్యస్తుడేం కాదు, ఉత్సాహమూ లేదు. లారీ హారను వినపడితే అతనికీ గుండె దడే. అయినా రోజూ రెండు పూటలా తొక్కుతాడు, బస్సు చార్జీ మిగులుతుంది కాబట్టి, తెల్లారి ఆరింటి డ్యూటీకి ఆ బస్తీకి బస్సు రాదు కాబట్టి. మన నగరాల్లో సైకిలు సర్వే చేసేవాళ్లు ఐదో గడి ఒకటి గీసుకుని, సాయంత్రం పార్కు దగ్గర కాకుండా తెల్లవారుజామున ఐదున్నరకు ఫ్లైఓవరు కింద నిలబడి మొదలుపెట్టాలి.